మన దారులు, మన చెట్లు: ఎవరు చూసుకోవాలి?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం ‘అడవి దారులు, ఊరి వనాలు - స్వచ్ఛంద సేవ’. కాగితం చూడగానే కొంచెం భయం వేసింది. నేను శాస్త్రవేత్తను కాను. బీఈడీ చదివి, కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పి, తర్వాత గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌గా వచ్చినదాన్ని. నా రోజంతా బియ్యం మూటల లెక్క, కూరగాయల బిల్లు, పిల్లల జ్వరాలు, తలలో పేలు, వీటితోనే గడిచిపోతుంది. అందుకని పెద్ద మాటలు మాట్లాడను. నా చేతికి మట్టి అంటిన పనులు రెండే ఉన్నాయి. ఒకటి, మా హాస్టల్ ప్రహరీ బయట పెంచిన చిన్న వనం. రెండోది, ఒక గూడెం కాలిదారి. ఆ రెండింటి సంగతే చెప్తాను. రెండింట్లోనూ మొదట తప్పు చేసింది నేనే కాబట్టి, ఆ తప్పులు కూడా చెప్తాను.

ముందు దారి సంగతి.

ఒక ఏడాది దసరా సెలవులు అయిపోయాయి. పిల్లలంతా వచ్చారు, ఒక చెంచు పిల్ల రాలేదు. ఆరో తరగతి. వారం చూశాను. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. మీకు తెలుసు, దసరాకు రాని పిల్ల సంక్రాంతికి అసలు రాదు. సంక్రాంతికి రాని పిల్లకు మరుసటి ఏడాది పెళ్లి మాట వినపడుతుంది. ఇది నా ఇన్నేళ్ల అనుభవం. అందుకని ఒక ఆదివారం ఆటో మాట్లాడుకుని అడవి అంచుదాకా వెళ్లాను. అక్కడి నుంచి నడక.

నడవడానికి దారి ఉంటే కదా! రెండేళ్ల కిందట నేను చెప్పులతో నడిచిన కాలిబాటే అది. ఇప్పుడు రెండు పక్కల నుంచీ పులికంప అల్లుకుపోయి తలెత్తితే కళ్లకు తగులుతోంది. వంగి నడవాలి, చీర కొంగు ముళ్లలోంచి తీసుకుంటూ నడవాలి. ఒకచోట వానకు కోసుకుపోయి నడుము లోతు గండి పడింది. మొత్తానికి చేరాను. ఆ పిల్ల తల్లి నన్ను చూసి మంచం వాల్చి, నీళ్లిచ్చి, ఒక్కటే మాట అంది. “పిల్లను పంపాలనే ఉంది మేడమ్. ఆ కంపలో ఎలుగు పండుకుంటా ఉంది. ఒక్కదాన్ని ఎట్టా పంపేది?”

రెండేళ్లలో దారి ఎందుకు మూసుకుపోయిందని అడిగాను. అక్కడొక అవ్వ చెప్పింది. ప్రతి ఏడూ వానలు వెనక్కి తగ్గాక ఆ గూడెంలో ఒక తాత నలుగురు కుర్రాళ్లను వెంటేసుకుని, మచ్చుకత్తి పట్టుకుని, దారి పొడుగునా కంప కొట్టేవాడట. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కూలి ఇవ్వలేదు. వాళ్ల నాయన చేసేవాడు కాబట్టి ఆయన చేసేవాడు. ఆయన పోయాడు. కుర్రాళ్లు మిరపకోతలకని, కట్టడం పనులకని పోయారు. రెండు వానాకాలాలు గడిచేసరికి అడవి తన దారి తను చూసుకుంది.

చూడండి, మనం రోడ్డు అనగానే కంకర, తారు, కాంట్రాక్టరు అనుకుంటాం. గూడెం దారికి అవేవీ ఉండవు. ఉన్నదల్లా ఏడాదికోసారి నడిచే ఒక మనిషి, అతని కత్తి. ఆ మనిషి ఆగిపోతే దారి ఆగిపోతుంది, దారి ఆగిపోతే ఒక పిల్ల చదువు ఆగిపోతుంది. ఆ తాత పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. వాలంటీరు అనే మాట కూడా ఆయన విని ఉండడు.

ఈ నల్లమలలో దారులు కాచే పని ఇప్పటిది కాదు. మా పిల్లలకు నేను తరచూ చెప్తుంటాను, ఈ రోజు మీకూ చెప్తాను. మన మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతం 1970లో ప్రకాశం జిల్లాలో కలిసింది కానీ అంతకుముందంతా కర్నూలు జిల్లాయే. నల్లమల కొండ అటు పక్కకూ ఇటు పక్కకూ మధ్య రాకపోకలు కనమల మీదుగా సాగేవి. గిద్దలూరు నుంచి నంద్యాలకు దాటే నంది కనమ, దోర్నాల నుంచి ఆత్మకూరు వైపు దాటే మంత్రాల కనమ పేర్లు మన పెద్దలు ఇప్పటికీ అంటారు. నేను సుగాలి తండాలో పుట్టినదాన్ని. మా ముత్తాతల కాలంలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రం వైపు నుంచి పైదేశానికి మోసింది మా బంజారాలే. వందల ఎద్దుల మంద ఒక కనమ దాటాలంటే దారిలో నీళ్లెక్కడ, మేతెక్కడ, ఏ వాగు ఏ నెలలో దాటొచ్చు అన్నీ తెలియాలి. అది రాసిపెట్టుకున్న చదువు కాదు, నడిచి నేర్చుకున్న చదువు. తర్వాత రైలొచ్చింది, బొగద సొరంగం తవ్వారు, ఎద్దుల వ్యాపారం పోయింది. మా వాళ్లు కూలికి దిగారు.

చెంచులకైతే ఈ సంబంధం ఇంకా లోతు. శ్రీశైలం వెళ్లే యాత్రికులకు అడవిలో దారి చూపించి, కాపలా కాసి, అందుకు ప్రతిఫలంగా యాత్రికుల దగ్గర కొంత పుచ్చుకునే ఆనవాయితీ చెంచులకు ఉండేదని బ్రిటిష్ కాలపు రికార్డుల్లో ఉంది. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించింది అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అని మనం పాఠాల్లో చదువుకుంటాం. నేనూ పిల్లలకు అదే చెప్పాను. ఒకసారి ఒక చెంచు పిల్ల లేచి అడిగింది, “మేడమ్, మెట్లు కట్టినోళ్లకు ఆ కొండ దారి ఎవురు చూపించినారు?” నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఆ పిల్లకు మార్కులు వేసే అవకాశం ఉంటే పదికి పది వేసేదాన్ని.

ఇప్పటికీ శివరాత్రికీ ఉగాదికీ ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా వేలమంది నడిచి వెళ్తారు. ఉగాదికైతే కన్నడ భక్తులు తండోపతండాలు. దారి పొడవునా మజ్జిగ, అన్నం పెట్టే దాతలు ఉంటారు. అది గొప్ప సేవే, కాదనను. కానీ జాతర అయిపోయాక మిగిలిన ప్లాస్టిక్ సంచులు, నీళ్ల ప్యాకెట్ల సంగతి ఎవరిది? అన్నం పెట్టిన చేతికి ఫోటో ఉంటుంది, ఎంగిలాకు ఎత్తిన చేతికి ఉండదు.

అంతదూరం ఎందుకు, మన రాచర్ల మండలం జేపీ చెరువు దగ్గర అడవిలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి ఉంది. మన గుండ్లకమ్మ అక్కడి కొండల్లోంచే దిగుతుంది. అదే నీరు కిందికి వచ్చి కంభం చెరువు నింపుతుంది. ఆ చెరువును 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తిస్తే మనమంతా సంతోషపడి వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్నాం. శనివారం శనివారం నెమలిగుండం పోయే మనవాళ్లే చిప్స్ ప్యాకెట్లు గుండం గట్టున వదిలి వస్తున్నాం. వారసత్వం కింద, చెత్త పైన! నేను కూడా ఒకసారి పిల్లలను తీసుకుపోయాను. పిల్లలు ఒక గంట ఏరితే రెండు బియ్యం సంచులు నిండాయి. ఏరడం పూర్తయిందని అనుకుంటుండగానే మా పక్కనే ఒక కుటుంబం కొత్త ప్యాకెట్ విప్పింది. మా పిల్ల ఒకతి ఏమీ అనకుండా సంచి నోరు తెరిచి వాళ్ల ముందు నిలబడింది. వాళ్లు సిగ్గుపడి అందులో వేశారు. నేనైతే పెద్ద ఉపన్యాసం ఇచ్చేదాన్ని.

సరే, గూడెం దారి దగ్గరికి మళ్లీ వస్తాను.

నేను తిరిగొచ్చి సిబ్బందితో, పెద్దపిల్లల తల్లిదండ్రులతో మాట్లాడాను. రెండు ఆదివారాలు పనిచేస్తే దారి తెరవొచ్చని లెక్కేశాం. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. అడవిలో దారి అంటే మనకు తోచినట్టు కత్తి పట్టుకుని పోయేది కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది. నల్లమలలో చాలా భాగం 1983 నుంచి పులుల ప్రాజెక్టు కింద ఉంది, గుండ్ల బ్రహ్మేశ్వరం వైపు అభయారణ్యం ఉంది. అనుమతి లేకుండా పోతే కేసు మన పిల్లల తల్లిదండ్రుల మీదే పడుతుంది, నా మీద కాదు. అందుకని ముందు అర్జీ రాసుకుని పోయాం. మొదటిసారి పోతే పని కాలేదు. రెండోసారి అర్జీ నాలుగు ముక్కల్లో రాశాం: ఉన్న కాలిదారినే బాగుచేస్తాం, కొత్తది వేయం, చెట్టు కొట్టం, పులికంప మాత్రమే తీస్తాం. దాని మీద గూడెం వాళ్లంతా వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. అప్పుడు ఒప్పుకున్నారు, ఒక వాచర్‌ను కూడా మా వెంట పంపారు. ఆ వాచర్ కూడా చెంచు కుర్రాడే. పులి అడుగు ఏది, చిరుత అడుగు ఏది, అది పొద్దున పోయిందా రాత్రి పోయిందా అని అతను చెప్తుంటే మా సైన్సు టీచరమ్మ నోట్సు రాసుకుంది.

మొదటి ఆదివారం పని మొదలుపెట్టే ముందు ఒక తండ్రి లేచి అడిగాడు. “మేడమ్, ఇది ఉపాధి పనా, ఊరికే పనా?”

నేను ఏం చేశానో చెప్తాను, నవ్వకండి. శ్రమదానం గురించి, గాంధీ గారి గురించి, మన ఊరు మనమే బాగుచేసుకోవాలని పది నిమిషాలు మాట్లాడాను. ట్రైనింగులో నేర్చుకున్నదంతా చెప్పేశాను. ఆయన ఓపిగ్గా విని అన్నాడు. “మంచిదే మేడమ్. మీకు ఆదివారం సెలవు, జీతం ఉంటది. నాకు ఆదివారం పోతే కూలి పోతది.”

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. స్వచ్ఛంద సేవ అనే మాట మనం చాలా తేలిగ్గా వాడేస్తున్నాం. పట్నంలో జీతం ఉన్నవాళ్లు ఒక ఆదివారం పొద్దున పార్కులో చెత్త ఏరితే అది సేవ. కూలి మనిషి ఒక రోజు కూలి వదులుకుని దారి వేస్తే అది కూడా సేవేనా, లేక వెట్టా? ఈ తేడా మన గిరిజనులకు తెలియకపోతే ఎవరికీ తెలియదు. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీదికి పోవడానికి ముందు మన్యంలో రగిలిన కోపానికి ఒక పెద్ద కారణం దారి పనులే. కొండ రోడ్లు వేయడానికి గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనులను బలవంతంగా పనికి పెట్టి, కూలి ఎగ్గొట్టి, అడిగితే కొట్టించాడు. ఆ రోడ్లు ఎవరి కోసం? అడవి సరుకు, అధికారుల బండ్లు పోవడానికి. వేసినవాళ్లు మాత్రం ఆ పక్కనే ఆకలితో నడిచారు. అదే అడవి, అదే గడ్డపార, అదే చేయి. ఒకసారి వెట్టి అవుతుంది, ఒకసారి సేవ అవుతుంది. తేడా ఎక్కడుంది? దారి ఎటు పోవాలో నిర్ణయించింది ఎవరు, దాని మీద నడిచేది ఎవరు అన్నదాంట్లో ఉంది.

దీనికి ఇటీవలి ఉదాహరణ కూడా ఉంది. 2020 ఆగస్టులో సాలూరు మండలం కొదమ ప్రాంతంలో కొండ మీది గిరిజనులు తలా ఇంత డబ్బు వేసుకుని, చాలక అప్పు తెచ్చుకుని, తామే దారి వేసుకున్నారు. రోగులను, గర్భిణులను డోలీ కట్టి మోసీ మోసీ విసిగిపోయి చేసిన పని అది. సినిమా నటుడు సోనూ సూద్ మెచ్చుకుంటే దేశమంతా వార్తయింది. నేనూ గర్వపడ్డాను. కానీ తర్వాత ఆలోచిస్తే గర్వంతో పాటు బాధ కూడా వేసింది. పట్నంలో ఏ కాలనీ వాళ్లయినా రోడ్డు కోసం అప్పు తెచ్చుకున్నారా? మన శ్రమదానాన్ని మెచ్చుకునేవాళ్లు చప్పట్లు కొట్టి ఊరుకుంటే, ప్రభుత్వం చేయాల్సిన పని మన మెడకే చుట్టుకుంటుంది. అటవీ హక్కుల చట్టం 2006లో ఒక వెసులుబాటు ఉంది. గ్రామసభ తీర్మానం చేస్తే బడికి, రోడ్డుకు, తాగునీటికి ఇలాంటి పదమూడు అవసరాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకు డెబ్బై అయిదుకు మించి చెట్లు కొట్టకూడదు. అదే చట్టం సామూహిక అడవిని కాపాడుకుని, చూసుకునే హక్కు కూడా గ్రామసభకు ఇచ్చింది. చెంచులకు ఈ మాట ఎవరైనా విడమరిచి చెప్పారా? అందుకని నేను మన యువకులకు చెప్పేది, కత్తితో పాటు ఆ చట్టం కాగితం కూడా చేతిలో ఉండాలి.

ఇంతకీ ఆ తండ్రి ప్రశ్నకు మేం కుదుర్చుకున్నది ఇది. కూలి ఉన్నవాళ్లు పొద్దున తొమ్మిదింటి దాకా పనిచేసి కూలికి పోతారు. జీతం ఉన్న మేం సాయంత్రం దాకా ఉంటాం. అందరికీ అన్నం, పప్పు, ఊరగాయ మా సిబ్బంది డబ్బులతో. పిల్లలతో కంప కొట్టించడం, రాళ్లు మోయించడం లేదు. వాళ్ల పని నీళ్లు అందించడం, రాసుకోవడం. ఈ చివరిది నేను వార్డెన్‌గా చెప్తున్నాను, సేవ పేరుతో పిల్లల చేత కూలి పని చేయించే అలవాటు మన దగ్గర ఉంది, అది మానాలి.

ఇక నేను చేసిన తప్పు. దారిలో ఒకచోట కొండ వాలు మీద వంకర తిరిగి తిరిగి ఎక్కేది. నాకు అది దండగ నడక అనిపించింది. సూటిగా కోస్తే పిల్లలకు పది నిమిషాలు కలిసొస్తుందని సూటిగా తవ్వించాను. అవ్వ అప్పుడే అంది, “ఆడ నీళ్లు దిగతాయి తల్లీ, ఆడ నడవకూడదు.” నేను వినలేదు. మొదటి ముసురుకే ఆ సూటి దారి వాగయిపోయింది. మట్టి పోయి రాళ్లు తేలాయి. తర్వాత అవ్వే దగ్గరుండి చూపించింది. దారి ఎప్పుడూ వాలుకు అడ్డంగా, మెల్లగా ఎక్కాలి. దారి బయటి అంచు కొంచెం పల్లంగా ఉండాలి, అప్పుడు పైనుంచి వచ్చిన నీరు దారి వెంట పరుగెత్తకుండా అడ్డంగా దాటి కిందికి పోతుంది. ఏటవాలు ఎక్కువగా ఉన్నచోట అడుగులో సగానికి పైగా భూమిలోకి దిగేలా రాళ్లు ఏటవాలుగా పాతితే అవి నీటిని పక్కకు మళ్లిస్తాయి. రాయి పైకి కనిపించేది నాలుగు వేళ్లే, మిగతాదంతా లోపల. నేను బీఈడీలో భూగోళం మెథడాలజీ చదివినదాన్ని. నేల కోత గురించి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని. ఆ బొమ్మ కొండ మీద నాకు గుర్తురాలేదు.

కంప కొట్టడంలోనూ ఒక పద్ధతి ఉంది. పులికంపను పైపైన కొడితే రెండు నెలల్లో రెట్టింపు లేస్తుంది. వేరు మొదలు దగ్గర గడ్డపారతో పెకిలించి, తలకిందులుగా చెట్టు మీద ఆనించి ఎండబెట్టాలి. నేల మీద పడేస్తే మళ్లీ పట్టుకుంటుంది. పూత, కాయ రాకముందే తీయాలి. ఎండాకులు దారి నుంచి ఊడ్చేస్తే వేసవిలో నిప్పు దారి దాటి పోదు. నిప్పు అంటుకునే కాలంలో అటవీ శాఖ వాళ్లు కూడా ఇలాగే గీతలు కొట్టించి కాపాడుకుంటారు, ఆ పనికి వచ్చేది ఎక్కువగా చెంచులే. ఈ తెలివికి సర్టిఫికెట్ లేదు. పాఠం రాసేవాళ్లూ లేరు. అందుకే రెండో ఆదివారం పిల్లల చేత రాయించాను. అవ్వ నడుస్తూ ఒక్కో చోటు పేరు చెప్తుంటే పిల్లలు నోటుబుక్కులో రాసుకున్నారు. ఒక బండకు తేనె పేరు, ఒక మలుపుకు ఎలుగు పేరు, ఒక చెట్టుకు ఎప్పుడో కాన్పయిన ఒక తల్లి పేరు. మూడు కిలోమీటర్ల దారిలో ఇరవైకి పైగా పేర్లు! సర్వే మ్యాపులో ఆ చోటంతా పచ్చరంగు, అంతే.

పేరు చిన్న విషయం అనుకోకండి. అమెరికాలో అపలాచియన్ ట్రయిల్ అని ఒక కాలిబాట ఉంది. 1921లో బెంటన్ మెకే అనే ఆయన ఆలోచన చెప్తే 1937కల్లా పూర్తయింది. దాదాపు 3,500 కిలోమీటర్లు. దానికి గుర్తులు వేసేది, పడిన చెట్లు తీసేది, మెట్లు సరిచేసేది ఇప్పటికీ చాలావరకు చుట్టుపక్కల ఊళ్ల వాలంటీర్ క్లబ్బులే. ఒక్కో క్లబ్బు ఒక్కో ముక్క చూసుకుంటుంది. ఈ పద్ధతి నాకు నచ్చింది, మన గూడేలు ఎప్పటి నుంచో చేస్తున్నది కూడా అదే కదా. అయితే ఆ బాటలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరానికి ఒక తెల్లదొర పేరు పెట్టారు. ఆ కొండలు చెరోకీ ఆదివాసులవి. వాళ్లు అడిగి, పట్టుబట్టి, 2024 సెప్టెంబరులో తమ పాత పేరు కువోహీని తిరిగి తెచ్చుకున్నారు. మన నల్లమలలో బోర్డులు రాసేటప్పుడు ఒక్క మాట గూడెంలో అడిగితే ఏం పోతుంది? గిద్దలూరు నుంచి నంద్యాల పోయే ఘాట్ దారిలో పచ్చర్ల దగ్గర, ఆత్మకూరు వైపు బైర్లూటిలో, దోర్నాల పైన తుమ్మలబయలులో అటవీ శాఖ పర్యాటకుల కోసం ఏర్పాట్లు చేసింది. చెంచు యువకులు గైడ్లుగా పనిచేస్తున్నారు. అది నిజంగా మంచి మార్పు. నా ఆశ ఏమిటంటే వాళ్లు అక్కడ జీతానికి జంతువులను చూపించేవాళ్లుగానే మిగలకుండా, ఏ దారి తెరవాలి, ఏ దారి మూయాలి అని చెప్పే కుర్చీలో కూడా కూర్చోవాలి. కొన్ని దారులు మూసే ఉంచాలి కూడా. జంతువులు నీళ్లకు పోయే దారిలో మనకేం పని?

వనం సంగతి తొందరగా చెప్పేస్తాను, టైమ్ అయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

హాస్టల్ ప్రహరీ బయట ఖాళీ స్థలంలో చిల్లకంప, వయ్యారిభామ, వీధి చెత్త ఉండేవి. ఒక జూలైలో పెద్దలు వచ్చి మొక్కలు నాటారు. ఫోటోలు బాగా వచ్చాయి. అందులో సగం అందానికి పెంచే మొక్కలు. మన కొమరోలు ఎండలు మీకు చెప్పాలా? తాగే నీళ్లకే ట్యాంకర్ కోసం చూసే ఊరు. మరుసటి జూన్‌కు నిలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఖమ్మం దగ్గర వనజీవి రామయ్య గారు కోటి మొక్కలు నాటారని, 2017లో పద్మశ్రీ వచ్చిందని పిల్లలకు పాఠంలా చెప్పేదాన్ని. ఆయన 2025 ఏప్రిల్‌లో పోయారని తెలిసి పిల్లలు ఒక నిమిషం మౌనం పాటించారు. పాటించాక ఒక పిల్ల అడిగింది, “ఆయన సెలవుల్లో కూడా నీళ్లు పోసేవాడా?” అక్కడ దొరికింది నాకు. మా చెట్లు చచ్చిపోయింది జూలైలో కాదు, ఏప్రిల్ చివర హాస్టల్‌కు తాళం వేశాక.

రెండోసారి వేప, కానుగ, నేరేడు, ఉసిరి, మునగ, అవిస పెట్టాం. పళ్లేలు కడిగిన నీళ్లు వృథా కాకుండా చిన్న కాలవ తీసి చెట్ల పాదులకు మళ్లించాం. గదికి రెండు చెట్లు. ఇక వేసవి. పక్క వీధిలో మేకలు కాసే ఒక అక్క ఉంది. నిజం చెప్పాలంటే మొదటి మొక్కలు తిన్నది ఆమె మేకలే, ఆమెతో నేను గట్టిగానే పోట్లాడాను. తర్వాత ఆమెతోనే ఒప్పందం చేసుకున్నాం. సెలవుల్లో వారానికి రెండుసార్లు బోరు దగ్గర నీళ్లు పట్టి పోస్తే, అవిస కొమ్మలు, రాలిన కానుగాకు ఆమెవే. ఆమె వాలంటీరు కాదు. ఆమెకు లాభం ఉంది, మాకు చెట్లు ఉన్నాయి.  ఇప్పుడు సాయంత్రాలు ఆ నేరేడు కింద వీధి పిల్లలు, హాస్టల్ పిల్లలు కలిసి ఆడుకుంటున్నారు. ఆ కలిసి ఆడటం గురించి నేను ఎక్కువ చెప్పను. మా పిల్లలను ఆ వీధిలో ఏ పేరుతో పిలిచేవాళ్లో ఇక్కడున్న చాలామందికి తెలుసు. ఇప్పుడు పేరు పెట్టే పిలుస్తున్నారు.

ఆ చెంచు పిల్ల గురించి అడుగుతారని తెలుసు. వచ్చింది. ఇప్పుడు పదో తరగతి. ఆ మూడో వరసలో, ఎర్ర రిబ్బన్లు. తలొంచుకుంది చూడండి.

దారి మాత్రం ఈ వానలకు మళ్లీ అల్లుకుంటోంది. అవ్వకు ఈ ఏడు చూపు తగ్గింది, కంటి ఆపరేషన్‌కు తీసుకుపోవాలి. గూడెంలో ముగ్గురు కుర్రాళ్లు వంతు వేసుకుంటామన్నారు కానీ మిరపకోతలు మొదలైతే ఉంటారో ఉండరో. అందుకని దసరా సెలవుల ముందే, వానలు తగ్గిన మొదటి ఆదివారం పోతున్నాం. అర్జీ ఈ వారమే పెడుతున్నాం. జీతం ఉన్నవాళ్లు వస్తే పొద్దున ఆరింటికి హాస్టల్ దగ్గరికి రండి. మచ్చుకత్తులు గూడెంలో ఉన్నాయి, గడ్డపారలు తక్కువ, ఉంటే తెచ్చుకోండి. బూట్లు వేసుకోండి, పురుగూ పుట్రా ఉంటుంది. నీళ్లు స్టీలు సీసాలో తెచ్చుకోండి. అన్నం మేం వండుతాం. ఆటో ఖర్చు ఎవరిది వాళ్లదే.